వాకిట నిలిచినవాడు – అద్దె ఇంటి చరిత్ర

గడచిన నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు తన కుమార్తెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చినాడు. అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చినది. పదిహేను రోజులలో చేరవలెను. "ఉద్యోగం దొరకడమే కష్టమనుకున్నాను తాతగారూ, ఇల్లు దొరకడం అంతకంటె కష్టంగా ఉంది. ఏమేమి సిద్ధం చేసుకుని వెళ్ళమంటారు?" అని అడిగినది. నేను పదవీవిరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. సంధులు, సమాసాలు అడిగితే తడుముకోకుండా చెప్పగలను. ఈ ప్రశ్నకు మాత్రం వెంటనే సమాధానం తోచలేదు. వారు వెళ్ళిన తరువాత చాలసేపు ఆలోచించినాను. పట్నంలో ఇల్లు వెతుక్కునే తెలుగువాడు ఏ కాలంలో ఏమి సిద్ధం చేసుకుని బయలుదేరినాడు, అతనికి ఎవరు అండగా నిలిచినారు అన్న సంగతులు ఒక్కటొక్కటే జ్ఞాపకానికి వచ్చినవి. వాటిని ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

ముందుగా మాటల సంగతి. ఇంటికి నెలనెలా ఇచ్చే సొమ్మును కోస్తాలో అద్దె అంటాము. రాయలసీమలో బాడుగ అంటారు. తెలంగాణలో కిరాయి అంటారు. బాడుగ అన్నది సంస్కృతంలోని 'భాటకము'నకు చుట్టం. కన్నడిగుల బాడిగె, తమిళుల వాడగై, హిందీవారి భాడా ఆ కుటుంబంలోనివే. కిరాయి అరబీ భాష నుండి వచ్చినది. మా కృష్ణా డెల్టాలో పొలానికి వాడే కౌలు కూడ అరబీ మాటే. దానికి మూలార్థం 'పలుకు', అనగా ఇచ్చిన మాట. ఇన్ని మాటలున్నవి గాని, ఇవన్నీ ఇంట్లో చేరిన తరువాతి వ్యవహారానికి సంబంధించినవే. చేరినవాడికి అద్దెకున్నవాడు, కిరాయిదారు అని పేర్లున్నవి. ఇంకా చేరక, వాకిట నిలబడి "ఇల్లు ఖాళీగా ఉన్నదా అండీ?" అని అడిగే మనిషికి మన భాషలో వేరే పేరు లేదు. చరిత్ర తిరగవేస్తే ఆ పేరులేని మనిషిని చట్టం కూడ చాలకాలం గుర్తించలేదని తెలుస్తుంది. నేను చెప్పదలచినది ఆ మనిషిని గురించే.

మా పామర్రు విజయవాడ, బందరు, గుడివాడ, కూచిపూడి వైపులకు దారులు చీలే కూడలి. ఎప్పుడూ వచ్చేపోయే జనమే. అయినా పూర్వం ఈ ప్రాంతపు పల్లెల్లో అద్దె ఇల్లన్న మాట అరుదుగా వినబడేది. ఊరివాడికి పూరిల్లో పెంకుటిల్లో సొంతానికి ఉండేది. లేనివాడు రైతు దొడ్డిలో పాక వేసుకునేవాడు. బదిలీ మీద వచ్చే బడిపంతులు, పోస్టుమాస్టరు వంటి ఒకరిద్దరికే అద్దె ఇంటి అవసరం. చదువుకు బందరు వెళ్ళే పిల్లల సంగతి వేరు. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల నోబుల్ కళాశాలగా పెరిగినది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. చుట్టుపక్కల తాలూకాల నుండి పిల్లలు బందరు చేరేవారు. స్తోమత ఉన్నవారు నలుగురైదుగురు కలిసి గది తీసుకుని వండుకునేవారు. లేని బ్రాహ్మణ బాలురు వారాలు చేసుకునేవారు. వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదుర్చుకుని రోజుకొక ఇంట భోంచేసేవారు.

అప్పటి సన్నాహమేమిటో గమనించండి. బయలుదేరే పిల్లవాడి చేతిలో ఒక చీటీ ఉండేది. "ఫలానావారి అబ్బాయి, మనవాడే, కాస్త చూసుకోండి" అని పెద్దలెవరో వ్రాసి ఇచ్చినది. అద్దె సొమ్ముకంటె ఆ చీటీ ముఖ్యం. గృహస్థు వేసే మొదటి ప్రశ్న "ఎవరి తాలూకు?" అనే. ఈ పద్ధతిలో దయ ఉన్నది. ఎందరో పేద విద్యార్థులు దీనివల్లనే పైకి వచ్చినారు. కాని ఆ దయకు కంచె కూడ ఉన్నది. 'మనవాడు' అన్న మాటలో ఇమడని పిల్లవాడికి చీటీ వ్రాసేవారు లేరు, చదివేవారూ లేరు. అందువల్లనే ఆయా కులాలవారు తమ పిల్లలకు తామే వసతి గృహాలు కట్టుకోవలసి వచ్చినది. హైదరాబాదులో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు అటువంటివాటిలో ప్రసిద్ధమైనది. ధనబలం గల కులాలు ఆ పని చేయగలిగినవి. అది లేని కులాల పిల్లలు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ప్రభుత్వ హాస్టళ్ళు విస్తరించేదాకా ఆగవలసి వచ్చినది.

బందరు తరువాత మద్రాసు. సినిమా, పత్రిక, కోర్టు, కాలేజీ, అన్నిటికీ అదే మన రాజధాని. ఆ నగరానికి మా గుడివాడ తాలూకా పంపిన గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు. 1922లో చౌటపల్లిలో పుట్టిన ఆయన 1940ల నడుమ అవకాశాలు వెతుక్కుంటూ మద్రాసు చేరినారు. మొదట సముద్రాల రాఘవాచార్యులుగారి ఇంట ఉన్నారు. ఆ ఇల్లు చాల చిన్నది. వారికి భారం కాకూడదని అక్కడినుండి బయటపడి, త్యాగరాయనగరులోని పానగల్ పార్కు కాపలాదారుకు నెలకు రెండు రూపాయలిచ్చే ఏర్పాటు చేసుకుని, పగలంతా అవకాశాల కోసం తిరిగి రాత్రి ఆ పార్కులో పడుకునేవారని ఆయన జీవితకథలో చెబుతారు. కళాశాలలో సంగీతం చదివి పట్టా పుచ్చుకున్నవాడు, ఒక మహాకవి వంటి రచయిత ప్రేమకు పాత్రుడైనవాడు, పార్కులో నిద్రకు అద్దె కట్టినాడు. ఆ పార్కు పేరు గల పానగల్ రాజాగారు 1921 నుండి 1926 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న తెలుగువారు. పేరు మనదే, పార్కు మనదే. కొత్తవాడికి గది మాత్రం లేదు.

ఇక చట్టం సంగతి. ఇంటి అద్దెను అదుపు చేసే చట్టాలు ప్రపంచంలో ఎక్కువగా యుద్ధాల వల్ల పుట్టినవి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫిరంగులు, ఓడలు తయారుచేసే గ్లాస్గో నగరానికి పనివారు వెల్లువగా వచ్చినారు. ఇంటి యజమానులు అద్దెలు పెంచినారు. 1915లో మేరీ బార్బర్ వంటి స్త్రీలు ముందు నిలిచి, పెంచిన అద్దె కట్టబోమని సమ్మె చేసినారు. సుమారు 20 వేల కుటుంబాలు అందులో చేరినవని అంచనా. ఆ ఏడాది చివరనే బ్రిటిషు ప్రభుత్వం యుద్ధానికి ముందున్న అద్దెకు మించి పెంచరాదని చట్టం చేసినది. 1918లో బొంబాయిలో అటువంటి చట్టం వచ్చినది. రెండవ యుద్ధకాలంలో, 1941లో, మద్రాసు ప్రభుత్వం దేశరక్షణ నిబంధనల క్రింద ఇంటి అద్దె నియంత్రణ ఉత్తర్వు జారీచేసినది. దాని తరువాత 1946లో, మరల 1949లో మద్రాసు కట్టడాల చట్టాలు వచ్చినవి.

ఈ చట్టాలు చేసిన మేలు తక్కువది కాదు. యజమాని ఇష్టం వచ్చినట్లు అద్దె పెంచరాదు, కారణం లేకుండ ఖాళీ చేయించరాదు. అయితే ఇవన్నీ ఇంట్లో ఉన్నవాడికి కవచాలు. ఉన్నవాడు కదలడు, కదిలితే మళ్ళీ ఆ అద్దెకు ఇల్లు దొరకదు. కావున ఖాళీలు తగ్గుతవి. ఖాళీ అయిన ఇంటిని యజమాని వెనుకటికంటె ఎక్కువ జాగ్రత్తగా, ఎక్కువ అనుమానంతో ఇస్తాడు. ఒకసారి చేరితే లేపడం కష్టమని అతనికి తెలుసు. లోపలివాడిని కాపాడిన కవచమే బయటివాడికి తలుపు గడియ అయినది. తప్పు చట్టానిది మాత్రమే కాదు. ఇళ్ళు కట్టకుండ అద్దెలు మాత్రమే అదుపు చేస్తే జరిగేది ఇదే.

ఇంటివాడే వాకిట నిలబడిన రోజులు కూడ చరిత్రలో లేకపోలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడినవి. ఆ నెలలోనే మద్రాసు జనం భయపడి రైళ్ళకెక్కి ఊళ్ళకు పోయినారు. అద్దెకిచ్చేవారు ఉన్నారు గాని పుచ్చుకునేవారు లేకపోయినారు. 2020లో కరోనా వచ్చి కంప్యూటర్ ఉద్యోగులు ఇంటి వద్దనుండి పని చేయడం మొదలుపెట్టినప్పుడు హైదరాబాదులో మళ్ళీ అదే దృశ్యం కనబడినది. గేటు గేటుకూ టులెట్ బోర్డు వేలాడినది. అటువంటి రోజులు కొద్దికాలమే ఉంటవి. భయం తీరగానే వాకిట నిలిచేవాడు మళ్ళీ మొదటివాడే.

మన తెలుగుదేశంలో ఒక విశేషం జరిగినది. మనవారిలో ఒక తరం రాజధానితో పాటు ఇల్లు మార్చవలసి వచ్చినది. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ 1952 డిసెంబరు 15న. మద్రాసు మనకు రాలేదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను అనుసరించి రాజధాని రాయలసీమకు పోయినది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించినది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, ప్రారంభించినది నెహ్రూగారు. కర్నూలు అప్పటికి తుంగభద్ర ఒడ్డున ఉన్న చిన్న జిల్లా కేంద్రం. మద్రాసులో పని చేస్తున్న ఆంధ్రోద్యోగులు మూటాముల్లె కట్టుకుని అక్కడికి దిగినారు. కార్యాలయాలకు కట్టడాలు చాలలేదు, కాపురాలకు ఇళ్ళు చాలలేదు. గుడారాలు వేసినారు. గుడారాల రాజధాని అన్న పేరు కర్నూలుకు ఆ విధంగా వచ్చినది. ఎండలో, గాలిలో, వానలో గుడారాల క్రింద దస్త్రాలు పెట్టుకుని పని చేసిన ఆ గుమాస్తాలను గురించి మన చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యం వ్రాసి ఊరుకుంటవి. వారిలో అద్దె అని అడిగే కోస్తావారున్నారు. బాడుగ అని చెప్పే ఇంటివారి వాకిట నిలిచినారు. మరుసటి సంవత్సరం, 1954 జూలై 5న, గుంటూరులో హైకోర్టు మొదలైనది. వకీళ్ళు, గుమాస్తాలు, కక్షిదారులు అటు తరలినారు.

అప్పుడు మొదటిసారిగా ప్రభుత్వమే వాకిట నిలిచినది. దానికి తగిన ఆయుధం మద్రాసు చట్టంలో అప్పటికే ఉన్నది. ఇల్లు ఖాళీ అయితే యజమాని ఆ సంగతి అధికారికి వ్రాతమూలకంగా తెలియజేయవలెను. ప్రభుత్వ అవసరానికో, ప్రభుత్వోద్యోగి నివాసానికో కావలెనంటే అధికారి దానిని కేటాయించవచ్చును. అక్కరలేదంటేనే యజమాని తనకు నచ్చినవారికి ఇచ్చుకోవలెను. వాకిట నిలిచినవాడి వైపునుండి చట్టం ఆలోచించిన సందర్భం ఇది. "నీ కులమేమి, నీవెవరి తాలూకు" అన్న ప్రశ్నకు తావులేదు. ఖాళీ ఉన్నది, అవసరం ఉన్నది, అంతే. అయితే ఆ భాగ్యం సర్కారు ఉద్యోగి వరకే. బజారులో తిరిగే మామూలు మనిషికి కాదు.

కర్నూలు వైభవం మూడేళ్ళ ఒక నెల. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. మళ్ళీ మూటలు కట్టి హైదరాబాదు ప్రయాణం. బాడుగ పోయి కిరాయి వచ్చినది. హైదరాబాదు కర్నూలు వంటిది కాదు. 1908 మూసీ వరదలు, ఆ తరువాతి ప్లేగు చూసిన నిజాం ప్రభుత్వం 1912లోనే నగరాభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసి, ఇరుకు బస్తీలు తొలగించి, తక్కువ ఆదాయం గలవారికి వసతిగా ఇళ్ళు కట్టించినది. ప్రభుత్వమే ఇళ్ళు కట్టి కిరాయికి ఇవ్వడం మన నేలమీద అంత పాతది. 1954లో హైదరాబాదు రాష్ట్రం తన సొంత కిరాయి చట్టం కూడ చేసుకున్నది. ఆ నగరానికి ఒక్కసారిగా కోస్తా, సీమ ఉద్యోగులు వచ్చి చేరినారు. స్థానికుల ఉద్యోగాల సంగతిలో ముల్కీ తగాదా 1969లోను, 1972లోను ఎంతగా మండినదో మనకు తెలుసు. దాని వెనుక ఉద్యోగాలతో పాటు నగరంలో చోటును గురించిన బెంగ కూడ ఉన్నదని నాకు తోస్తుంది.

రెండు ప్రాంతాల చట్టాలను కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ కట్టడాల (కౌలు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం చేసినారు. ఖాళీ సంగతి అధికారికి తెలియజేసే నియమం అందులోనూ వచ్చినది. న్యాయమైన అద్దె నిర్ణయించే అధికారి వచ్చినాడు. యజమాని ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకోరాదన్న నియమం వచ్చినది. ఇదంతా వింటే ఇప్పటివారికి ఆశ్చర్యం కలుగుతుంది. కాని ఆ చట్టంలోనే ఒక కన్నం ఉన్నది. 1957 ఆగస్టు 26న గాని తరువాత గాని కట్టిన ఇళ్ళకు ఈ చట్టం వర్తించదు. కొత్త ఇళ్ళు కట్టేవారికి ప్రోత్సాహం ఉండవలెనన్నది కారణం. కారణం మంచిదే. కాని రాజధాని వచ్చిన తరువాత పెరిగిన హైదరాబాదులో అధికభాగం ఆ తేదీకి తరువాతిదే. అనగా రాజధానిని నమ్ముకుని వచ్చినవాడు చేరవలసిన కొత్త ఇళ్ళన్నీ చట్టానికి వెలుపల ఉన్నవి.

1983 అక్టోబరులో సుప్రీంకోర్టు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో ఆ మినహాయింపును కొట్టివేసినది. మొదట్లో సబబైన మినహాయింపు కాలం గడిచేకొద్దీ అన్యాయంగా మారవచ్చునని, ఒక తేదీకి ముందువాడికి రక్ష, తరువాతవాడికి శూన్యం అన్నది సమానత్వానికి విరుద్ధమని చెప్పినది. రెండు నెలలు తిరగగానే ప్రభుత్వం మరొక మినహాయింపు ఇచ్చినది: కట్టిన పదేళ్ళవరకు ఇంటికి, నెలకు వేయి రూపాయలు దాటిన అద్దెకు చట్టం వర్తించదు. 2005లో సవరణ చేసి, నగరపాలక సంస్థల పరిధిలో 3,500 రూపాయలు, ఇతరచోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్ళను మినహాయించినారు. ఈనాడు హైదరాబాదులో 3,500కు ఏమి దొరుకుతుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

అడ్వాన్సు సంగతిలో ఆనాటి నెల్లూరు జిల్లా గూడూరు పేరు న్యాయశాస్త్ర గ్రంథాలకు ఎక్కినది. మోడరన్ హోటల్, గూడూరు కేసు అంటారు. అద్దె బకాయి పడినదని హోటలువారిని ఖాళీ చేయమన్నారు. కాని వారి సొమ్ము పరిమితికి మించి అడ్వాన్సు రూపంలో యజమాని దగ్గరనే ఉన్నది. నీ దగ్గర అతని డబ్బు పెట్టుకుని, అతడు బకాయి పడినాడని ఎట్లా అంటావన్నది 1989లో సుప్రీంకోర్టు తేల్చిన విషయం. ఈ తీర్పు కూడ లోపలివాడికే. కాని దానిలో బయటివాడు నేర్వదగిన పాఠం ఒకటి ఉన్నది. ఇచ్చిన ప్రతి రూపాయికి కాగితం ఉండడం వల్లనే ఆ హోటలు నిలిచినది.

మూడవ తరలింపు మన కళ్ళముందు జరిగినదే. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినది. 2016 జూన్ 27 నాటికి సచివాలయ ఉద్యోగులు అమరావతి ప్రాంతానికి రావలెనని గడువు పెట్టినారు. వెలగపూడిలో తాత్కాలిక సచివాలయం లేచినది. వారానికి ఐదు పనిదినాలు, మూలవేతనంలో 30 శాతం ఇంటి అద్దె భత్యం, హైదరాబాదు వెళ్ళి రావడానికి రైలు ఏర్పాటు చేసినారు. పిల్లల స్థానికత పోకుండ రాష్ట్రపతి ఉత్తర్వును సవరించినారు. అప్పటికే విజయవాడలో అద్దెలు ఆకాశాన్ని అంటినవి. బందరు రోడ్డు పొడుగునా, మా పామర్రు దాకా, ఖాళీ వాటాల కోసం అడిగేవారు వచ్చినారు. 1953లో చెన్నపట్నం నుండి కర్నూలుకు, 1956లో కర్నూలు నుండి హైదరాబాదుకు పోయిన గుమాస్తా మనుమడో మనుమరాలో 2016లో హైదరాబాదు నుండి బెజవాడకు వచ్చి ఉండవచ్చును. తాత గుడారం చూసినాడు, మనుమరాలు వారాంతపు రైలు చూసినది. ప్రభుత్వం తరలించినప్పుడెల్లా ఉద్యోగికి ఏదో ఒక ఆసరా ఇచ్చినది. తమంత తాము బతుకుతెరువుకు కదిలినవారికి అటువంటిదేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ అమ్మాయి రెండు వారాల తరువాత ఫోను చేసినది. మూడు ఇళ్ళు చూసినదట. మొదటిచోట పెళ్ళికాని పిల్లలకు ఇవ్వమన్నారు. రెండవచోట మాంసాహారం వండేవారికి ఇవ్వమన్నారు. మూడవచోట అంతా నచ్చినది, అద్దె కుదిరినది. చివర్లో ఇంటిపేరు అడిగినారు. చెప్పినది. "అయ్యో, ఇందాకే అడ్వాన్సు తీసుకున్నామమ్మా" అన్నారు. వారం తరువాత ఆ దారిన పోతుంటే టులెట్ బోర్డు అక్కడే ఉన్నది.

ఇది కొత్త కథ కాదు. 1917లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన అంబేడ్కర్‌గారు బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళినారు. ఉండడానికి చోటు దొరకలేదు. ఒక పారశీకుల సత్రంలో పారశీక నామంతో దిగినారు. సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించినారు. స్నేహితులు ఇద్దరిని ఆశ్రయిస్తే ఇద్దరూ ఏదో సాకు చెప్పినారు. చివరకు ఒక ఉద్యానవనంలో కూర్చుండి, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయినారు. ఆయనే తన స్వీయ జ్ఞాపకాలలో ఈ సంగతి వ్రాసుకున్నారు. ఘంటసాలగారికి పార్కు దారిద్ర్యం వల్ల వచ్చినది. డబ్బుతో తీరిపోయినది. అంబేడ్కర్‌గారి జేబులో డబ్బున్నది. అది అక్కరకు రాలేదు.

రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు మొదలైన చోట్ల ప్రవేశానికి కులమతాలు అడ్డు రారాదన్నది. అద్దె ఇంటి మాట అందులో లేదు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, దాని పేరే తరువాత పౌరహక్కుల రక్షణ చట్టమైనది, అస్పృశ్యత కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసగృహం పొందకుండ అడ్డగించడం నేరమన్నది. అనగా వాకిట నిలిచినవాడికి ఆనాడే ఒక చట్టం వ్రాసినారు. కాని "ఇందాకే ఇచ్చేశాము" అన్న మాటను ఏ న్యాయస్థానం పట్టుకోగలదు? అమెరికాలో 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, ఇళ్ళ అద్దెలో వర్ణవివక్షను నిషేధిస్తూ చట్టం చేసినారు. అక్కడ ఆ అబద్ధాన్ని పట్టుకొనుటకు ఒక ఉపాయం కనిపెట్టినారు. ఒకే ఇంటికి ఇద్దరు వేర్వేరు వర్ణాల మనుష్యులను వెంట వెంటనే పంపి చూస్తారు. ఒకరికి లేదన్న ఇల్లు మరొకరికి ఉన్నదంటే దొంగ దొరికినట్లే. సుఖదేవ్ థోరట్‌గారు, ఆయన సహచరులు ఢిల్లీ పరిసరాలలో ఈ విధంగానే విచారించి 2015లో ప్రకటించినారు. అన్ని అర్హతలు సమానంగా ఉన్నా, పేరును బట్టి దళితులకు, ముస్లిములకు ఇళ్ళు నిరాకరించడం అందులో తేలినది.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పినాను. నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. మాది రెండు వాటాల పెంకుటిల్లు. చాల ఏళ్ళ క్రిందట ఒక వాటా ఖాళీ అయినది. మా బడికి కొత్తగా వచ్చిన యువ ఉపాధ్యాయుడు భార్యను, చంటిబిడ్డను ఊళ్ళో ఉంచి ఇల్లు వెతుకుతున్నాడు. మంచి పాఠం చెప్పేవాడు. ఒక సాయంకాలం మా వాకిటికి వచ్చి, "మాస్టారూ, మీ వాటా ఖాళీగా ఉన్నదని తెలిసింది" అన్నాడు. అతని కులం నాకు తెలుసు. ఇంట్లో పెద్దలు ఒప్పుకోరని నాకు నేను చెప్పుకున్నాను. "నిన్ననే మాట ఇచ్చేశామండీ" అన్నాను. అతడు నమస్కారం పెట్టి వెళ్ళిపోయినాడు. ఆ వాటా రెండు నెలలు ఖాళీగానే ఉన్నది. అతడు రోజూ బస్సు దిగి మా ఇంటిముందునుండే బడికి నడిచి వచ్చేవాడు. తలుపుకు వేసిన తాళం చూసే ఉంటాడు. ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కౌలు అంటే ఇచ్చిన మాట అని పిల్లలకు చెప్పిన నేను, ఇవ్వని మాటను ఇచ్చినానని చెప్పినాను. అమ్మాయి ఫోనులో ఆ మూడవ ఇంటివారి మాట చెప్పగానే నాకు వినబడినది నా గొంతే.

అమ్మాయికి నేను చెప్పిన సన్నాహాలు ఇవి. నియామక పత్రం, ఆధారు నకళ్ళు, రెండు నెలల అద్దె సిద్ధంగా ఉంచుకో. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడ నివాసగృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే అయినా అడగడానికి ఒక ఆధారం. అద్దె బ్యాంకు ద్వారా చెల్లించు. ఒప్పందం వ్రాతమూలకంగా ఉండవలెను. పదకొండు నెలలకే వ్రాస్తారు. ఏడాదికి మించిన కౌలుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పనిసరి గనుక. నీళ్ళు, కరెంటు, మెయింటెనెన్సు ఎవరివో, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత విరగ్గోస్తారో ముందే వ్రాయించుకో. చేరిననాడే గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు ఫోటోలు తీసి ఇంటివారికి పంపు. అమెరికాలో ఉన్న మనవారు అప్పుల చరిత్ర కాగితం లేనిదే ఇల్లు దొరకదని, దుబాయిలో ఉన్నవారు ముందు తేదీల చెక్కులు ఇవ్వవలెనని చెబుతారు. ఎక్కడైనా కాగితమే. కాగితానికి కులం లేదు. సిఫారసు చీటీకంటె అది మంచి కాలమే. కాని పేరు విన్నాక కాగితం చూడనివారికి ఏ కాగితం చూపగలము?

ఆ పిల్లకు చివరకు కార్యాలయంలోని స్నేహితురాలితో కలిసి ఉండే ఏర్పాటు కుదిరినది. సంతోషం. అయినా సన్నాహం చేసుకోవలసినది వాకిట నిలిచినవారు మాత్రమే కాదని నాకు ఇన్నాళ్ళకు తెలిసినది. ఈ పుట చదివేవారిలో ఒక వాటాయో, ఒక ఫ్లాటో అద్దెకు ఇచ్చేవారు చాలమంది ఉంటారు. వారికి నా మనవి ఒక్కటే. ఇల్లు చూపించండి. అద్దె, అడ్వాన్సు చెప్పండి. వారి కాగితాలు చూడండి. నచ్చితే మాట ఇవ్వండి. ఇంటిపేరు ఒప్పంద పత్రం మీద వ్రాసేటప్పుడు ఎట్లాగూ తెలుస్తుంది. మా రెండవ వాటా వచ్చే నెలలో ఖాళీ అవుతున్నది. నేను ఈసారి ఆ క్రమంలోనే చేస్తాను.